నినాదం లేని ధర్నా

మీటింగు మొదలై గ్లాసులో చాయ్ చల్లారకముందే ఆడవాళ్ళు వచ్చి మునిసిపల్ ఆఫీసు చుట్టూ కూర్చున్నారు.

చైర్మన్ జగపతిరెడ్డి కిటికీలోంచి చూశాడు. అందరూ మార్కెట్‌లో మిర్చి ఏరే కూలీలు. నెల్లికుదురు దిక్కు నుంచి వచ్చే మిర్చి వాళ్ళ చేతుల మీదుగానే బస్తాల్లోకి పోతుంది.

"నీ మందేనా సారక్కా?"

"నా మందే పటేలా."

కౌన్సిల్‌లో ఆడమనిషి సారక్క ఒక్కతే. నిన్నమొన్నటిదాకా ఆమె కూడా ఆ మిర్చి కుప్పల ముందు కూర్చున్నదే. ఆ కూలీల ఓట్లతోనే గెలిచింది.

విషయం చిన్నది. చిన్నదని మగవాళ్ళన్నారు. పంతొమ్మిది వందల ఎనభై రెండు, మార్చి నెలాఖరు. మునిసిపాలిటీ దగ్గర కొంత సొమ్ము మిగిలింది. ఇవాళ తీర్మానం కాకపోతే సర్కారుకు వాపసు పోతుంది. దాంతో ఒక్క పనే అవుతుంది. స్టేషన్ రోడ్డు మొదట్లో స్వాగత ద్వారంలా కమాన్ కట్టి, దాని మీద చైర్మన్ తండ్రి పేరు చెక్కించాలని ఒక పక్షం. మార్కెట్‌లో ఆడవాళ్ళకు పాయఖానా కట్టాలని ఇంకో పక్షం. ఇంకో పక్షం అంటే సారక్క.

పోయిన మీటింగులో ఆమె తనతోపాటు మిర్చి ఏరిన ఐలమ్మ సంగతి చెప్పింది. మార్కెట్‌లో ఆడదానికి చాటు లేదు. అందుకని ఐలమ్మ ఇల్లు విడిచినప్పటి నుంచి చీకటి పడేదాకా చుక్క నీళ్ళు ముట్టేది కాదు. ఎండాకాలమైనా అంతే. ఏండ్ల తరబడి అంతే. ఇప్పుడు దవాఖానాలో పడి ఉంది. మూత్రపిండాలు చెడిపోయాయని డాక్టరు చెప్పాడు.

"మా అవ్వ పొద్దంత పొలంల ఉండేది. ఒక్కనాడన్న పాయఖాన అడిగిందా?" అన్నాడు జగపతిరెడ్డి. "ఆడోళ్ళకు ఓపిక ఉండాలె."

సభ్యులు బల్లలు చరిచారు.

ఇవాళ సారక్క వాదన పెట్టుకోలేదు. ఎండ ముదిరిందని పెద్ద కుండతో చల్ల తెచ్చింది. అందరి గ్లాసులూ నింపింది.

"చల్ల పోసి ఓట్లు గుంజుదామనా?" అన్నాడు వైస్ చైర్మన్ మధుకర్. అని, తాగాడు. ఇంకో గ్లాసు అడిగాడు.

జగపతిరెడ్డి లేచి కమాన్ గురించి మాట్లాడాడు. కమాన్ గురించి అంటే తన గురించే.

"అరవై తొమ్మిదిల తెలంగాణ కోసం జైలుకు పోయినోణ్ణి. రైళ్ళు ఆపినోణ్ణి. ధర్నా అంటే ఏందో నాకు జెప్తరా? గొంతులు పోయేటట్టు ఒర్రినం!"

బయట మాత్రం ఒక్క గొంతూ లేవలేదు. అది ఆయనకు నచ్చలేదు.

పొద్దు నడినెత్తికి వచ్చింది. మధుకర్ వెనుక తలుపు తీసుకుని బయటికి పోయాడు. పోయినోడు పోయినట్టే తిరిగొచ్చాడు.

"అన్నా, ఎనుక గూడ కూసున్నరు."

"ఎనుకనా? ఎనుక ఎవలు జూస్తరు?"

"గోడ పొంటి కూసున్నరు. సందు లేదు."

జగపతిరెడ్డి పకపకా నవ్వాడు. "ధర్నా ముంగట జెయ్యాలెనే సారక్కా, గేటుకాడ! గది గూడ నేర్పియ్యకపోతివా?"

"సదువురానోళ్ళు పటేలా. ఏడ నీడుంటే ఆడ కూసున్నరు." ఆయన గ్లాసు మళ్ళీ నింపింది.

కాసేపటికి గట్టయ్య లేచాడు. సభ్యుల్లో అందరికన్నా పెద్దవాడు. ముందు తలుపు దాకా పోయి ఆయనా వెనక్కి మళ్ళాడు.

"మెట్ల నిండ ఆడోళ్ళే. మనుషులను దాటుకుంట ఎట్ల పోతం?" అని గొణుగుతూ కూలబడ్డాడు.

తరవాత ఇంకో ఇద్దరు పోయి చూసి వచ్చారు. ఎవరూ నవ్వడం లేదు.

"మీటింగు రేపటికి ఎయ్యన్నా," అన్నాడు మధుకర్.

"రేపటికేస్తే పైసలు వాపసు పోతయి," అంది సారక్క. "కమానూ ఉండది, పాయఖానా ఉండది. పటేలా, జైలు ముచ్చట సగంల ఆపినవ్. చెప్పరాదు, ఇనబుద్ధయితాంది."

జైలు ముచ్చటంటే పూట గడిపే మనిషి, ఇవాళ నాలుగు మాటల్లో జైలులోంచి బయటికి వచ్చేశాడు. కుర్చీలో ముందుకు జరిగాడు. వెనక్కి జరిగాడు. మొఖం తుడుచుకున్నాడు.

"ఆళ్ళను లేపు."

"తీర్మానం కానియ్యి, లేస్తరు."

"నన్ను బెదిరిస్తున్నవానే?"

"నేనేమన్న అన్ననా? ఆళ్ళు ఒక్క మాటన్న అన్నరా? నువ్వు జెప్పిందే గద పటేలా, ఆడోళ్ళకు ఓపిక ఉండాలె. ఉన్నది. పొద్దుగూకేదాక గట్లనే కూసుంటరు."

ఏ మీటింగులోనూ నోరు తెరవని గట్టయ్య చెయ్యెత్తాడు. "కట్టుండ్రి పాయఖాన! నేను ఒప్పుకుంటున్న!"

వెంటనే మధుకర్ చెయ్యి లేచింది.

"మా నాయిన పేరు యాదికున్నదారా నీకు?" అన్నాడు జగపతిరెడ్డి.

"ఉన్నదన్నా. చెయ్యెత్తు."

చేతులన్నీ లేచాయి. ఆఖరున చైర్మన్ చెయ్యి కూడా లేచింది. ఏకగ్రీవం. ఆ కౌన్సిల్‌లో అంత తొందరగా ఏ తీర్మానమూ అయింది లేదు. జగపతిరెడ్డి నిలబడే సంతకం గీకాడు.

సారక్క కిటికీ దగ్గరికి పోయింది.

"లేవుండ్రవ్వా. ఎవలన్న దవాఖానకు పోయి ఐలమ్మకు జెప్పుండ్రి."

ఆడవాళ్ళు చీరలు దులుపుకుని లేచారు. జై కొట్టలేదు. మార్కెట్ దారి పట్టారు.

సంతకం సిరా ఆరకముందే చైర్మన్ ముందు, సభ్యులు వెంట వెనుక తలుపులోంచి ఉరికి, ఆ ఆఫీసు కట్టిన నాటి నుంచి తమకున్న ఒకే ఒక్క పాయఖానాకు, అంటే ఆడవాళ్ళు అప్పుడే ఖాళీ చేసిన ఆ వెనుక గోడకు, ముఖాలు పెట్టి వరుసగా నిలబడ్డారు.