పై గదిలో ఆడగొంతు

“ఎవరు నాయనా ఆవిడ?” అని అడుగుతూనే ఇంటిగలావిడ తలుపు తోసుకుని లోపలికి వచ్చింది.

మోకాళ్ళు పట్టేసి మెట్లెక్కడం ఎప్పుడో మానేసిన మనిషి ఇవాళ పై గది దాకా వచ్చిందంటే సంగతి చిన్నది కాదని అతనికి అర్థమైంది. చేతిలో స్క్రూడ్రైవరు కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

గది ఇచ్చేటప్పుడే ఆవిడ ఖండితంగా చెప్పింది, ఒంటరి మగవాడికి ఇస్తున్నాను, ఆడవాళ్ళ రాకపోకలు కనబడితే ఆ రోజే ఖాళీ చెయ్యాలని. ఇప్పుడు పెరట్లో బట్టలు ఆరేస్తుంటే పై కిటికీలోంచి ఆడమనిషి మాట వినబడిందట. నిన్నా వినబడిందట. భ్రమేమో అని సరిపెట్టుకుందట. ఇవాళ మాత్రం చెవిలో చెప్పినట్టు వినబడిందట.

“ఎవరూ లేరు పిన్నిగారూ. అవి స్పీకర్లు.”

“స్పీకర్లు మా ఇంట్లోనూ ఉన్నాయి. డబ్బాలో తల పెట్టి మాట్లాడినట్టుంటాయి. నేను విన్నది మనిషి మాట.”

ఆవిడ మంచం కిందకి వంగి చూసింది. స్నానాల గది తలుపు తీసి చూసింది. అసలా గదిలో దాక్కోవడానికి పిల్లికి కూడా చోటు లేదు. ఒక మంచం, ఒక కంచం, ఒక కుర్చీ. కళ్ళజోళ్ళ దుకాణంలో పొద్దంతా అద్దాలు అరగదీసి ఇంటికొస్తే, మళ్ళీ దుకాణం తెరిచేదాకా ఆ గడప దాటి వచ్చి పలకరించే మనిషి లేడు. అలాంటివాడి మీద ఇలాంటి అనుమానం రావడం ఒక రకంగా గౌరవమే, కానీ సంతోషించే పరిస్థితిలో అతను లేడు.

కిటికీకి కాస్త ముందు నిలబెట్టిన రెండు చెక్క చట్రాలు చూపించాడు. ఒక్కొక్కటీ తలుపు రెక్కంత ఉంది. లోపల సన్నటి ప్లాస్టిక్ పొరను బిగలాగి కట్టాడు. పొర మీద రేకు తీగలు అతికించాడు, వెనక వరసగా అయస్కాంతాలు పేర్చాడు. కరెంటు పారితే పొర మొత్తం ఒక్కసారిగా కదులుతుంది, డబ్బా లేదు కాబట్టి డబ్బా గొంతూ ఉండదు అని చెప్పాడు. ముందుకెంత పలుకుతుందో వెనక్కీ అంతే పలుకుతుంది, వెనకేమో కిటికీ ఉంది అని కూడా చెప్పాడు. ఎవరూ అడగక ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్న మాటలన్నీ ఒక్కసారే బయటికొచ్చాయి.

“ఇదంతా నాకెందుకు? ఆ గొంతెవరిది?”

అతను తడబడ్డాడు. పాట పెడితే పొరలో చిన్న చిన్న లోపాలు కనబడవని, మనిషి మాట పెడితేనే దొరికిపోతాయని చెప్పాడు.

“ముందు నా గొంతే పెట్టి చూశాను పిన్నిగారూ. రికార్డులో వింటే ఎవరి గొంతు వాళ్ళకి పరాయిగానే వినబడుతుంది, తప్పు తెలియదు. అందుకని ఇంకొకరిది కావాల్సి వచ్చింది.”

“ఏదీ, వినిపించు. అబద్ధమైతే సాయంత్రానికల్లా సామాను సర్దుకో.”

ఈ గది పోతే ఇంకొకటి దొరుకుతుంది, స్పీకర్లు మళ్ళీ బిగించుకోవచ్చు. కానీ ఈ ఇల్లు వదిలి వెళ్ళాలంటేనే అతనికి దుఃఖం ముంచుకొచ్చింది. మాట సరిగ్గా వినబడేది కుర్చీ వేసిన చోట మాత్రమేనని చెప్పి, ఉన్న ఒక్క కుర్చీలో ఆవిడను కూర్చోబెట్టి మీట నొక్కాడు.

“వాన వచ్చేట్టుంది, తీగ మీద చొక్కాలు తీసుకో. చెప్పకపోతే నీకు పట్టదు కదా. ఇంతకీ తిన్నావా లేదా?”

ఆవిడ ఉలిక్కిపడింది. రెండు చట్రాల నడుమ ఖాళీలో ఎవరో నిలబడి మాట్లాడినట్టే ఉంది. లేచి ఆ ఖాళీలో చెయ్యి ఆడించింది. వెనక్కి వెళ్ళి చూసింది. కిటికీ ఊచకు వేలాడుతున్న చిన్న మైకు తప్ప అక్కడేమీ లేదు. అదేమిటని అడిగితే ధ్వని కొలవడానికని, ఆవిడ మొహంలోకి చూడకుండా చెప్పాడు.

మళ్ళీ పెట్టమంది. మళ్ళీ పెట్టాడు.

“అబ్బ, ఏం గొంతు నాయనా! తిన్నావా అని అడగడం కూడా తగువుకొచ్చినట్టే అడుగుతోంది.”

అతను కాలి బొటనవేలు చూసుకుంటూ నిలబడ్డాడు. ఆవిడ మాత్రం కుర్చీలోంచి లేవలేదు. మూడోసారి తనంతట తనే చెయ్యి చాచి మీట నొక్కింది.

“అయినా అడుగుతోంది కదా,” అంది గొంతు తగ్గించి. “మా ఆయన పోయాక నన్ను ఆ మాట అడిగే దిక్కు లేదు. ఎవరీవిడ? మీ అమ్మా?”

“కాదండీ. దగ్గర్లోనే ఉంటారు. ఇటు రారు.”

“ఎందుకు రాదు? నీ మీద ఇంత బెంగ పెట్టుకున్న మనిషిని వదులుకుంటావా? పిలుచుకో. నా షరతు సంగతి మర్చిపో, ఖాళీ చెయ్యక్కర్లేదు. ముందు ఇంకో కుర్చీ కొను.”

కొంటానన్నాడు. ఆవిడ గోడ పట్టుకుని, మోకాళ్ళను తిట్టుకుంటూ ఒక్కో మెట్టూ దిగింది. చెప్పులు చివరి మెట్టు దిగిన చప్పుడు వినబడగానే అతను గబగబా కిటికీ దగ్గరికి వెళ్ళి, మైకు మీట నొక్కి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

“పైన కుళాయి కారుతున్నట్టుంది, కట్టెయ్,” అని కింద నుంచి కేక వచ్చింది. “చెప్పకపోతే నీకు పట్టదు కదా. ఇంతకీ తిన్నావా లేదా?”