ఏ సగం అమ్మది?

"ఎటువైపు కావాలో తేల్చి చెప్పన్నా. ఒకసారి కత్తెర పడినాక నావల్ల కాదు."

ఇందుకూరుపేట టైలర్ బెన్హర్ పావుగంటగా కత్తెర పట్టుకుని కూర్చున్నాడు.

కిషోర్ బాబు ఎటూ తేల్చుకోలేకపోతున్నాడు.

బల్లనిండా వాళ్ళమ్మ ప్రేమలీల పాతచీరలతో కుట్టిన బొంత. ఇద్దరు పడుకునేంత పెద్దది. దాన్ని సగానికి కోయించి, ఇరవైరోజుల కూతురికి పక్క వేయాలని అతని ఆశ. అమ్మ మనవరాలిని చూడకుండానే పోయింది. ఆమె చేతి కుట్టు మీదైనా బిడ్డ పడుకోవాలి.

తీరా పరిచి చూస్తే ఆ బొంత కుట్టింది ఒక చెయ్యి కాదు, రెండు! ఒక సగంలో కుట్లు చీమలబారులా సన్నగా, తిన్నగా ఉన్నాయి. రెండో సగంలో అన్నీ వంకరటింకరే. ఇద్దరు చెరో అంచున కూర్చుని మధ్యకు కుట్టుకొచ్చారన్నమాట.

"అమ్మది ఏది?" అని పైకే అనేశాడు.

"వంకర కుట్టు మీ అమ్మది నాయనా."

గుమ్మంలో ఎవరో ముసలామె.

"నువ్వెవరమ్మా?"

"మాలకొండమ్మను. మీ అమ్మా నేనూ ఒకప్పుడు పక్కపక్కిళ్ళలో ఉన్నాం. పోయిందని నిన్ననే తెలిసింది. ఇంటికాడికి పోతే, పాపకు బొంత కోయిస్తా నువ్వీడ ఉండావన్నారు."

ఆమె బొంతను చేత్తో తడిమింది.

"అమ్మ సగం పాపకు ఉంచుకో. మిగిలింది నాకిస్తావా? గుర్తుగా పెట్టుకుంటా."

కిషోర్ బాబుకు అంతా అయోమయంగా ఉంది. అమ్మ చేతిపని ఎంత నీటో చర్చిలో అందరూ చెప్పుకుంటారు. ఆమెది వంకర కుట్టా? మంచి సగం కొట్టేయడానికి కాకపోతే! పోనీ అబద్ధమా అంటే, ఆమె ముఖం అలా లేదు. ఏం నమ్మాలో పాలుపోలేదు.

"అన్నా, కోసేదా?"

"కొయ్యి. సన్న కుట్టు నాకు. ఆ వంకరది ఆమెకియ్యి."

మాలకొండమ్మ వంకర కుట్ల మీద ఒకసారి చెయ్యి నిమిరింది. ఇచ్చిన సగాన్ని మడిచి చంకన పెట్టుకుంది.

"ఇంటికొచ్చి పాపను ఒక్కసారి ఎత్తుకుని చూసి పోతా నాయనా."

"చంటిబిడ్డ. బయటోళ్ళ చేతికి ఇవ్వం."

"అదీ మంచిదేలే," అంటూ ఆమె ఆటో ఎక్కింది.

సాయంత్రం ఇంటికొచ్చిన తండ్రి సంజీవరావు పాప కింద బొంత చూసి ఆగిపోయాడు.

"ఇది మాలకొండమ్మ కుట్టు కదరా! మీ అమ్మ సగమేది?"

"అమ్మది సన్న కుట్టు కాదా?"

"అప్పటికి మీ అమ్మకు సూది పట్టడమే రాదు. ఈ బొంత మీదనే ఆమె దగ్గర నేర్చుకునింది."

"ఆమె ఇవాళ వచ్చింది నాన్నా. ఆ సగం ఆమెకే ఇచ్చేసినా."

"వచ్చిందా! పాపను ఎత్తుకునిందా?"

"నేనే వద్దన్నా."

"ఇప్పుడు ఏ ఊళ్ళో ఉందంట?"

"అడగలేదు."

"ఎంత పని చేసినావురా!" తండ్రి మంచం మీద కూలబడ్డాడు.

"ఇంతకీ ఎవరు నాన్నా ఆమె?"

"నిన్ను కని మీ అమ్మ మూడు నెలలు ఆసుపత్రిలో పడుంటే, చచ్చిపుట్టిన తన బిడ్డను పూడ్చొచ్చిన రోజే నీ ఏడుపు విని, నిన్ను ఒళ్ళో వేసుకుని పాలిచ్చిన తల్లిరా!"