ఇంటి కత్తి

నందిగామలో ఇంటి గడప దాటబోతున్న మరిది భాస్కర్‌ను వైదేహి చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. అతను నడుములో దోపుకున్న కత్తి ఖంగున కిందపడింది.

"వదులొదినా. అన్న తల పగలగొట్టి చంపినోడు జైలు నుంచొచ్చి జగ్గయ్యపేట క్వారీలో పన్లో చేరాడు. నరికేసొస్తా."

"హైకోర్టు వాణ్ణెందుకు వదిలింది?"

"అది హత్య కాదంది. ఇన్నాళ్లూ ఉన్న జైలు చాలంది."

"ఎందుకు కాదంది? మాటామాటా పెరిగి, అక్కడ చేతికందిన గునపంతో కొట్టాడని. ఇంటి నుంచి ఆయుధం తీసుకెళ్లుంటే యావజ్జీవమే ఉండేదని లాయరు చెప్పాడు."

వదిన తనను ఆపుతోందనుకుని భాస్కర్ గుమ్మంలో కూలబడ్డాడు.

వైదేహి కత్తి తీసి వంటింట్లో పెట్టి వచ్చింది.

"లే. ఉత్త చేతుల్తో వెళ్లి వాడితో గొడవ పెట్టుకో. క్వారీలో రాళ్లకేం తక్కువ?"