నాన్న దాటిన గది

"నాన్న ఆ గది దాటితేనే నేను మందు వేయించుకుంటాను. లేకపోతే ఇంటికి పోతాను," అని మొండికేసింది కూతురు.

ఆపరేషన్ గౌను తొడుక్కుని, మంచం అంచున కూర్చుని మరీ అన్నదా మాట. డాక్టరమ్మకు తల పట్టుకున్నంత పనయింది. కంటి లోపలి పొరలో వేసే కొత్త మందు అది, ఇంకా పరీక్షల్లోనే ఉంది. గడ్డకట్టించి దాచినదాన్ని ఆమె కోసమే పొద్దున్న కరిగించారు. సాయంత్రంలోగా వాడకపోతే పారబోయడమే.

కూతురు చేతిగడియారాలు బాగుచేస్తుంది. ఆవగింజంత మరల్లోకి తొంగిచూసే పని కావడంతో, పక్కచూపు తగ్గిపోతున్న సంగతి చాన్నాళ్ళు పట్టించుకోలేదు. నడుస్తుంటే ద్వారబంధాలకు భుజాలు కొట్టుకోవడం మొదలయ్యాక తెలిసింది, వడ్రంగి పని చేసే నాన్న చూపు తినేసిన జబ్బే తనకూ వచ్చిందని. ఎడమకన్ను చిన్నప్పుడు దెబ్బ తగిలి ఏనాడో పోయింది. కుడికంట్లో మిగిలింది గొట్టంలోంచి చూసినంత చూపు. మందు పనిచేస్తే అది నిలుస్తుంది. వికటిస్తే అదీ పోతుంది. ఇదివరకు ఇద్దరికి అలా పోయిందని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది.

"ఉన్నదీ పాయె, ఉంచుకున్నదీ పాయె అయితే నా గతేంటి?" అని అడిగింది కూతురు.

నాన్నకు అదే మందు పోయినేడాది వేశారు. ఏదో తేడా తెలుస్తోందంటాడే తప్ప, ఏం తెలుస్తోందో ఎన్నడూ చెప్పడు. నాది ముదిరిపోయిన కన్ను, నీది లేత కన్ను, నాతో వంతు పెట్టుకోకని ఆయన గదమాయించాడు. తర్వాత బతిమాలాడు. ఆయనకు పుట్టిన పిల్లేగా, పట్టిన పట్టు విడవలేదు.

చివరికి ఆయనే లేచాడు. "సరే పదండి, నడుస్తాను."

నిజానికి ఆయన పరీక్ష పై వారం. వెన్నెలంత వెలుతురులో, గదినిండా పెట్టిన పలకలూ స్టూళ్ళూ వేలాడే అట్టలూ తగలకుండా అవతలి తలుపు చేరాలి. ఉన్నపళంగా పెట్టమనేసరికి, ఎప్పుడూ మార్చే అడ్డాల వరస కూడా మార్చకుండా పాతదే ఉంచేశారు. ఆ వరసలో ఆయన ఇంతకుముందు నడిచాడు. ప్రతి స్టూలునూ మోకాలితో పలకరించి వచ్చాడు.

కూతురు పక్కగదిలో డాక్టరమ్మతో కలిసి కెమెరా తెర ముందు కూర్చుంది. తన గొట్టం చూపును నాన్న కాళ్ళకే అంటించింది. ఆయన చేతులు చాచలేదు. మొదటి పలక దగ్గర కాలెత్తి దాటాడు. స్టూలు పక్కనుంచి ఒద్దికగా తిరిగాడు. వేలాడే అట్ట కింద బుద్ధిమంతుడిలా తల వంచాడు. నేరుగా వెళ్ళి తలుపు గడియ మీద చెయ్యి వేశాడు.

డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుంది. కూతురికి ప్రాణం లేచొచ్చింది. పరుగున వెళ్ళి, తలుపు తీసుకుని బయటికొచ్చిన ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

"నిజంగా కనిపించిందా నాన్నా?"

"కనిపించకపోతే ఎలా దాటానే పిచ్చితల్లీ? పలకలన్నీ తెల్లగా కనిపించాయి. ఇక ఆలస్యం చేయకు, వెళ్ళు."

ఆమె నేరుగా వెళ్ళి ఆపరేషన్ బల్ల ఎక్కింది.

మధ్యాహ్నానికి ఆపరేషన్ అయిపోయింది. కంటికి కట్టుతో పడుకున్న ఆమెకు లోపల సలుపుతున్నా దిగులు లేదు. కొట్టులో సగం విప్పి వదిలేసిన గడియారాల గురించి నాన్నకు చెబుతూ ఉంది, ఏది ముందు బిగించాలో, ఎవరికి ఏం మాటిచ్చిందో. నాన్న ఊ కొడుతున్నాడు. పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు.

తలుపు తోసుకుని కెమెరా చూసే టెక్నీషియన్ వచ్చాడు. ఆపరేషన్ బాగా జరిగిందట కదా అని పలకరించి, నాన్న వైపు తిరిగాడు.

"పెద్దాయనా, ఏమీ అనుకోకండి, మీరు రేపు ఇంకోసారి నడవాలి. మా కెమెరా చీకట్లో కూడా చూస్తుంది కదా, తెర మీద మాకు తేడా తెలియలేదు. హడావిడిలో ఆ గదిలో లైటు వేయడమే మరిచిపోయాం."