గోవా ఆర్గన్

"ఈ పైపులదీ ఆర్గనే నాయనా. ఈ కెథీడ్రల్ నాలుగొందల ఏండ్ల నాటిదంట."

నేను ఫోన్‌లో నా గోవా టూర్ ఫోటోలు జరుపుతాంటే నాయన నా నోటివైపే చూస్తా కూర్చున్నాడు. ఆళ్లగడ్డ చర్చిలో నలభై ఏండ్లుగా ఆర్గన్ ఆయనదే.

పొద్దున చర్చిలో పాటలు పాడే క్వైరోళ్లు వచ్చినారు. ఆయన రాగం తప్పుతాండాడు, ఇంక మాన్పించమన్నారు. "మీ చెవులే బాగలేవు, పోండప్పా" అని తరిమేసినా.

చివర్న వీడియో ఉంటే, అది పెట్టి ఫోన్ ఆయన చేతికిచ్చి, పొయ్యి మీది పాలు దించను పోయినా. తిరిగొచ్చేసరికి నాయన తెరమీద ఆర్గన్ వాయించేటాయన వేళ్లనే చూస్తా, పెడల్ తొక్కినట్టు కాళ్లు ఆడిస్తాండాడు. కండ్లలో నీళ్లు.

"ఏం పలికిందమ్మా బ్లెస్సీ! గుండెల్లోకి దిగింది. ఇంగోసారి పెట్టు."

మళ్లీ పెట్టినా. వీడియో నడుస్తాంది, శబ్దం లేదు. గోవాలో ప్రార్థన మధ్య ఫోన్ మోగకూడదని నేను తగ్గించిన సౌండు ఇంకా సున్నాలోనే ఉంది.

నాయన కాళ్లు ఆడతానే ఉండాయి.

"రేపు ఆదివారం గదా, నేనూ ఇట్లే వాయిస్తా" అన్నాడు. "నువ్వు ముందు వరసలో కూర్చో పాపా. బాగా వినపడుతుంది."