పెరిగిన ఆయిల్

బడి గేటు దగ్గర కారు ఆగీ ఆగకముందే ఒకటో తరగతి పాప తలుపు తోసుకుని దిగి, గోడ పక్కన వాంతి చేసుకుంది.

"తాతా, నీ కారు పెట్రోలు తాగి మా మొహాన తేన్చుతోంది" అన్నాడు నాలుగో తరగతివాడు ముక్కు మూసుకుని.

పిల్లలంతా నవ్వారు. డ్రైవరు నవ్వలేదు. గేటులో పెద్ద టీచరు నిలబడి ఉంది.

"నెల రోజులుగా చెబుతున్నాను డ్రైవరుగారూ. రేపు పొద్దున నేనే ఎక్కి చూస్తాను. వాసన వచ్చిందా, ఇక మీరు రావద్దు. ఏమీ అనుకోకండి."

ఇరవై రెండేళ్లుగా ఆ బడి పిల్లల్ని తెచ్చేది ఆ కారే. ఇప్పటి పిల్లల తల్లుల్లో ఇద్దరు ఆ వెనక సీట్లోనే కూర్చుని బడికి వచ్చారు. ఆ పిల్లలు లేకపోతే ఆయనకి పొద్దున్నే లేచే పనే లేదు.

కారుని సరాసరి షెడ్డుకి తోలాడు.

మెకానిక్ చూసి తల పట్టుకున్నాడు.

"మళ్లీనా మామా! కార్బురేటర్ కడిగాను. ప్లగ్గులు మార్చాను. పైపులు మార్చాను. కింద పేపర్లు పరిచి మరీ చూశాను, ఒక్క చుక్క పడలేదు. ఇంక మార్చాల్సింది నన్నే."

"లీటరుకి పద్నాలుగు ఇచ్చేది ఎనిమిదికి పడిపోయిందిరా. ఆ పోయేదంతా ఎటు పోతోంది?"

"దానికీ వయసైపోయింది మామా, నీలాగే."

అంతలో గుమ్మంలోంచి ఒక మనిషి లోపలికి వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, కొత్త చెప్పులు.

"బడి పిల్లల్ని దింపే కారు ఇదేనా బాబాయ్?"

"ఇదే. నీకేం కావాలి?"

"ముందు ఏ ఇంటి దగ్గర ఎక్కించుకుంటారు? ఎటు తిరిగి వస్తారు?"

"ఏం, నీకు ఇల్లు అద్దెకి కావాలా?" అన్నాడు మెకానిక్. "ఈ కారు చూసి ఆరాలు తీసినవాళ్లలో నువ్వు ఐదోవాడివి. నీడకి వచ్చావు, నీడన నిలబడు."

ఆ మనిషి నొచ్చుకోలేదు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, వంగి వాసన చూశాడు.

డ్రైవరుకి ఒళ్లు మండింది.

"ఏం చూస్తావయ్యా? నా ఇంజన్‌కి వంక పెట్టినవాడు ఇంతవరకు లేడు. ఆయిల్ చుక్క తాగదు. పోసింది పోసినట్టే ఉంటుంది. ఈ నెలలో అయితే ఇంకాస్త పెరిగింది కూడా!"

ఆ మనిషి గభాలున తలెత్తాడు.

"ఏమన్నారూ?"

"పెరిగిందన్నాను. అంత బాగా చూసుకుంటాను మరి."

"పొయ్యి మీద పాలు పొంగుతాయి బాబాయ్. ఇంజన్లో ఆయిల్ ఎక్కడన్నా పొంగుతుందా?"

మెకానిక్ చేతిలో పానా ఆగిపోయింది.

ఆ మనిషి బానెట్ ఎత్తి, ఆయిల్ కొలిచే కడ్డీ పైకి లాగాడు. గుర్తుకి పైన ఇంకో రెండు వేళ్లదాకా తడి. వేళ్ల మధ్య రాసి చూశాడు. నీళ్లలా జారింది. కడ్డీని డ్రైవరు ముక్కు దగ్గర పెట్టాడు.

డ్రైవరు మొహం తిప్పేసుకున్నాడు. పచ్చి పెట్రోలు!

"కిందకి కారడం లేదు బాబాయ్, లోపలికి కారుతోంది. పెట్రోల్ పంపు విప్పు తమ్ముడూ. ముందు నీ నోట్లో ఆ సిగరెట్టు బయట పారేసి రా."

పంపు విప్పారు. లోపల ఉండే రబ్బరు పొర గోరంత చిరిగి ఉంది. పంపు కొట్టుకున్నప్పుడల్లా ఆ చిరుగులోంచి పెట్రోలు ఇంజన్ ఆయిల్లోకి దిగుతోంది. ఆయిల్ వేడెక్కితే ఆ ఆవిరే పిల్లల ముక్కుల్లోకి వస్తోంది.

"ఇంకో వారం నడిపి ఉంటే ఇంజనే పట్టేసేది" అన్నాడు ఆ మనిషి.

మెకానిక్ బుర్ర గోక్కున్నాడు. "చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికానన్నమాట."

ఆ మనిషి చొక్కా చేతులు పైకి మడిచి కారు కింద దూరాడు. ఉన్న ఆయిలంతా దించేశారు. కొత్త పొర వేశారు, కొత్త ఆయిల్ పోశారు. మధ్యాహ్నం దాటాక ఇంజన్ కూనిరాగం తీసినట్టు పలికింది.

డ్రైవరు అద్దాలన్నీ ఎత్తేసుకుని, ఇంజన్ తిరుగుతుండగా వెనక సీట్లో పది నిమిషాలు కూర్చున్నాడు. ఒక్కసారిగా తలుపు తెరిచి అరిచాడు.

"లేదురా! పెట్రోలు వాసనే లేదు! నా చెమట కంపు తప్ప ఇంకేం లేదు!"

మెకానిక్ ఈల వేశాడు. డ్రైవరు ఆ మనిషి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఏ షెడ్డులో చేస్తావు నాయనా?"

"షెడ్డు కాదు బాబాయ్. ఇలాంటి కారే పన్నెండేళ్లు నడిపాను. ఓనరు అమ్మేశాడు."

"అయ్యో, ఒక్క నిమిషం ఉండు, టీ తెప్పిస్తాను" అని డ్రైవరు వీధిలోకి పరిగెత్తాడు.

తిరిగి వచ్చేసరికి ఆ మనిషి లేడు. పేరైనా అడగలేదు.

మర్నాడు పొద్దున పెద్ద టీచరు కారెక్కి అద్దాలు ఎత్తించింది. బడి మైదానం చుట్టూ రెండు చుట్లు తిప్పించింది. పిల్లలు వరసగా నిలబడి ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

కారు ఆగింది. ఆవిడ దిగింది.

"సాయంత్రం పిల్లల్ని మీరే తీసుకెళ్లండి."

పిల్లలు కేరింతలు కొట్టారు. ఒకటో తరగతి పాప పరిగెత్తుకొచ్చి ముందు సీటు ఎక్కేసింది. డ్రైవరు కండువాతో కళ్లు తుడుచుకుని, ఎవరూ అడక్కుండానే మూడుసార్లు హారన్ కొట్టాడు.

"నిన్న షెడ్డుకి ఒకతన్ని పంపాను. కలిశాడా?" అంది పెద్ద టీచరు.

"మీరా పంపింది! కారు బాగుచేసిందే ఆయనమ్మా. ఎక్కడుంటాడో చెప్పండి, వెళ్లి దణ్ణం పెట్టుకుంటాను."

ఆవిడ కారు వైపు ఒకసారి చూసింది.

"అదా సంగతి. నిన్న సాయంత్రం ఫోన్ చేసి, పని తనకి వద్దన్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు."

"ఏం పనమ్మా?"

"నేను పంపింది కారు బాగుచెయ్యమని కాదండీ, పిల్లల ఇళ్లు మీ దగ్గర తెలుసుకోమని. వాసన పోదనుకుని వేరే కారు మాట్లాడాను. ఇవాళ్టి నుంచి మీ బదులు రావలసిన డ్రైవరు ఆయనే."