వెంట్రుకవాసి తక్కువ

కాంబాదోస్, మార్చి 9.

అమ్మాయ్, మీ అత్తగారు ఫోన్ చేసి ఇదంతా మరోలా చెప్పేలోగా నేనే రాస్తున్నాను.

సముద్రాన్ని కాపాడుకునే పాఠం చెప్పడానికి అమ్మమ్మనో నానమ్మనో ఒకరిని తీసుకురమ్మని బడివాళ్ళు అడిగితే, నీ కూతురు ఉషియ మీ అత్తగారు ఎర్మితాస్‌ను ఎంచుకుంది. బతుకంతా పంతులమ్మగా చేసిన నన్ను కాదు. పిలవకపోయినా వెళ్ళాను.

"చెప్పులు తడుస్తాయి వదినా, ఒడ్డునే ఉండండి," అందావిడ.

నీరు తీసిన ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని పిల్లలకు ఆల్చిప్పలు తవ్వి చూపించింది. "ఈ కొలబద్ద మీది గీత కంటే చిన్నది ఇంకా గుడ్లు పెట్టలేదర్రా. దాన్ని కూడా తీసేస్తే వచ్చే ఏడు ఉత్త ఇసుకే తవ్వుకోవాలి!"

"మా నానమ్మ!" అని ఉషియ అందరికీ చూపించుకుంది. నా వైపు తిరగనైనా లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అంతలో ఉషియకు ఒక ఆల్చిప్ప దొరికింది. కొలిస్తే వెంట్రుకవాసి తక్కువ. పిల్ల ముఖం వాడిపోయింది. ఎర్మితాస్ వదిన గొంతు తగ్గించినా నాకు వినపడింది.

"వెయ్యవే బుట్టలో, నా బంగారం! ఇంతమాత్రానికి సముద్రం ఎండిపోదులే."

"వద్దు నానమ్మా. అమ్మమ్మయితే ఒప్పుకోదు."

ఉషియ దాన్ని ఇసుకలో పూడ్చేసింది. వదిన తలెత్తి నన్ను చూసింది. పొద్దుటి నుంచీ నేను ఆవిడను చూస్తున్నది అచ్చం ఆ చూపుతోనే.

ఇక జరగవలసినవి:

1. వచ్చే పాఠానికీ వదినే వెళ్ళాలి.
2. ఆదివారం భోజనంలో ఉషియ ఆవిడ పక్కనే కూర్చోవాలి.
3. ఉషియ అన్న మాట ఆవిడ ముందు ఎవరూ ఎత్తకూడదు. నా ముందు ఎత్తవచ్చు.